గొడుగు పెద్దాయన ఫొటో వెనక

నమస్కారం. తెర మీద ఉన్న ఫొటో మీకు కొత్త కాకపోవచ్చు. చరిత్ర పాఠంలోనో, ఏదో డాక్యుమెంటరీలోనో ఎప్పుడో తారసపడే ఉంటుంది. 1938 సెప్టెంబరు 30, లండన్ దగ్గర హెస్టన్ విమానాశ్రయం. మ్యూనిక్ నుంచి అప్పుడే దిగిన ఈ పెద్దాయన బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లిన్. వయసు 69. టోపీ తీసేసి, మైకుల ముందు నిలబడి ఒక కాగితాన్ని పైకెత్తి చూపిస్తున్నాడు. సినిమా రీలులో చూస్తే అది గాలికి రెపరెపలాడుతుంది కూడా.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. ఈ కాగితమే మ్యూనిక్ ఒప్పందమని చాలామంది అనుకుంటారు. కాదు. చెకొస్లొవేకియాను చర్చలకు పిలవకుండానే ఆ దేశపు సుడెటెన్‌లాండ్‌ను జర్మనీకి కట్టబెట్టిన ఒప్పందం వేరే ఉంది. దాని మీద నాలుగు దేశాల సంతకాలున్నాయి. ఇది ఒక్క పేజీ. ఒప్పందం ముగిశాక, పొద్దున్నే హిట్లర్ ఇంటికి వెళ్లి చాంబర్లిన్ పట్టుబట్టి సంతకం పెట్టించుకున్నది. మన రెండు దేశాల ప్రజలు మళ్లీ ఎన్నడూ ఒకరితో ఒకరు యుద్ధానికి దిగకూడదని కోరుకుంటున్నారు, అన్నది సారాంశం. "నా పేరుతో పాటు ఆయన పేరు కూడా ఉన్న కాగితం ఇదిగో" అని హెస్టన్‌లో అన్నాడు. పాపం, అమాయకుడు మోసపోయాడు అని ఈ ఫొటో చూసి జాలిపడేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. కెమెరా ముందుకు ఉత్త చేతులతో వెళ్లకూడదని తెలిసిన మనిషి ఈయన. ఆ రోజు బీబీసీ టెలివిజన్ హెస్టన్ నుంచి ప్రత్యక్ష ప్రసారం కూడా చేసింది. సాయంత్రం రాజుగారి పక్కన బకింగ్‌హాం ప్యాలెస్ బాల్కనీలో కనిపించాడు. అదో ఫొటో.

బొమ్మల సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసినదే. తండ్రి జోసెఫ్ చాంబర్లిన్ పెద్ద రాజకీయ నాయకుడు. ఒంటికంటి అద్దం, కోటుకు ఆర్కిడ్ పువ్వు. ఆ రెండూ గీస్తే చాలు, కింద పేరు రాయనక్కర్లేదు. సవతి అన్న ఆస్టెన్ కూడా ఆ అద్దమే పెట్టుకున్నాడు. నెవిల్‌కు అద్దమూ లేదు, పువ్వూ లేదు. గుబురు మీసం, పాతకాలపు రెక్కల కాలరు, చేతిలో చుట్టిన నల్ల గొడుగు. కార్టూనిస్టులకు ఆ గొడుగు దొరికింది, ఇక వదల్లేదు. మ్యూనిక్ తర్వాత జనం కూడా ప్రేమతో ఆయనకు గొడుగులు కానుకలుగా పంపారు. ఏడాది తిరగకముందే జర్మనీతో యుద్ధం వచ్చింది, అదే గొడుగు వెక్కిరింత అయింది. గొడుగు మాత్రం మారలేదు.

తనకు నచ్చని బొమ్మలు జనం కంట పడకుండా చాంబర్లిన్ ప్రభుత్వం ఏం చేసిందో కూడా చెప్పాలి. 1937లో మంత్రి హాలిఫాక్స్ జర్మనీ వెళ్లొచ్చాక, హిట్లర్ మీద కార్టూన్ల వాడి కాస్త తగ్గించమని డేవిడ్ లో అనే కార్టూనిస్టుకు కబురు వెళ్లింది. ఆయన తగ్గించినట్టే తగ్గించి, హిట్లర్‌నీ ముస్సోలినీనీ కలిపి 'మజ్లర్' అనే పాత్రను పుట్టించాడు. భలే మనిషి. ఇక 1938 సెప్టెంబరులో, సంక్షోభం ముదిరిన రోజుల్లో, పారమౌంట్ వార్తాచిత్రంలో ఇద్దరు పాత్రికేయులు ప్రభుత్వాన్ని విమర్శించారు. ఆ ముక్క కత్తిరించారు. కత్తిరించమని లండన్‌లోని అమెరికా రాయబారి ద్వారా మాట వెళ్లింది. ఆ రాయబారి జోసెఫ్ కెనడీ.

ఆ పేరు గుర్తుపెట్టుకోండి. 1963 నవంబరు 22న డల్లాస్‌లో ఆయన కొడుకు, అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ కారు వస్తుంటే, మంచి ఎండలో ఒకాయన నల్ల గొడుగు విప్పి నిలబడ్డాడు. అక్కడే అధ్యక్షుణ్ని కాల్చి చంపారు కాబట్టి ఆ గొడుగు చుట్టూ ఎన్నో కుట్ర కథలు అల్లుకున్నాయి. 1978లో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందుకు వచ్చి ఆ గొడుగు మనిషి చెప్పింది ఇదీ: తండ్రి కెనడీ అప్పట్లో చాంబర్లిన్‌ను వెనకేసుకొచ్చినందుకు కొడుకును దెప్పిపొడుద్దామని తెచ్చిన గొడుగు అది!

సరే, వెనక్కి వద్దాం. 1939లో హెన్రీ లాంబ్ చాంబర్లిన్ తైలవర్ణ చిత్రం గీశాడు. లాంబ్ మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడు, తర్వాత యుద్ధ చిత్రకారుడు. యుద్ధం ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాడి ముందు, యుద్ధం రాదని మాటిచ్చిన ప్రధాని కూర్చున్నాడు. ఆ దృశ్యాన్ని ఎవరైనా ఫొటో తీసి ఉంటే బాగుండేది.

అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైన చాంబర్లిన్ చిత్రం రంగుల్లో లేదు. ఆయనకు పక్షులంటే ప్రాణం. ఆర్థికమంత్రిగా ఉండగా, 1933 జనవరిలో, టైమ్స్ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. సెయింట్ జేమ్స్ పార్కులో నీళ్లు తీసేసిన చెరువు అడుగున ఒక బూడిదరంగు వ్యాగ్‌టెయిల్ పిట్ట పరుగులు తీస్తూ, పగుళ్లలోంచి పురుగులు ఏరుకు తింటుంటే చూశానని. దేశమంతా నిరుద్యోగంతో అల్లాడుతున్న రోజులవి. చివర ఒక తాజా కలం కూడా: అనుమానాలు తొలగించడానికి చెబుతున్నాను, నేను చూసింది బూడిదరంగుదే, నలుపుతెలుపుది కాదు!

ఇప్పుడు అదే చేతి రాత మరొకటి. 1938 సెప్టెంబరు 15న బెర్క్‌టెస్‌గాడెన్‌లో హిట్లర్‌ను మొదటిసారి కలిసి వచ్చి, 19న చెల్లెలు ఐడాకు ఉత్తరం రాశాడు. జుట్టు గోధుమరంగు, నలుపు కాదు. కళ్లు నీలం. గుంపులో ఉంటే అసలు గమనించము. అదే పిట్టలు చూసే కన్ను, అదే పట్టింపు. అదే ఉత్తరంలో మరో మాట రాశాడు: మాటిస్తే నమ్మదగిన మనిషి అనిపించింది, అని.

హెస్టన్‌లో కాగితం రెపరెపలాడటానికి అప్పటికి ఇంకా పదకొండు రోజులుంది.