చదివింపుల పుస్తకంలో ఎక్కని కానుక
(పర్లాకిమిడిలో సెమీ క్రిస్మస్ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలు.

పాస్టరుగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. వెనక షామియానాలోంచి పలావు వాసన వస్తోంది కాబట్టి అందులో అయిదు నిమిషాలు మీరే కోసేస్తారని తెలుసు. నేను దైవసేవకుణ్ని కాను. ముప్ఫై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. వాక్యం దగ్గరికి వచ్చినా లెక్కల దారినే వస్తాను, ఓర్చుకోండి.

మా నాన్న పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక పొడుగు పుస్తకం దొరికింది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా ఎర్ర బైండు. మొదటి పేజీలో సిలువ గుర్తు, దాని కింద 'పెద్దమ్మాయి పెళ్లి' అని నాన్న చేతిరాత. ఆ కింద పద్దు. పాతపట్నం చినమావయ్య, 51. టెక్కలి అత్తయ్య, స్టీలు బిందె ఒకటి. మెళియాపుట్టి తాపీమేస్త్రి, 11. కొన్ని పేర్ల పక్కన టిక్కు ఉంది. టిక్కు ఉంటే మనం తిరిగి చదివించేశామని. లేకపోతే బాకీ. ఏ పెళ్లికి బయల్దేరినా అమ్మ గుమ్మంలో ఆగి, "ఏవండీ, ఆ పుస్తకం ఓసారి తీయండి, వాళ్లు మనకేం చదివించారో" అనేది. నాన్న కళ్లజోడు పెట్టుకుని వేలితో వెతికేవాడు. వాళ్లు 51 అయితే మనం 101. తగ్గితే పరువు పోతుంది, మరీ పెరిగితే మన కొంప మునుగుతుంది.

ఆ పుస్తకాన్ని నేను వెక్కిరించడం లేదు. బ్యాంకు గడప ఎక్కలేని వాళ్లకి అదే బ్యాంకు. పది ఇళ్లవాళ్లు తలా ఇంత వేస్తేనే మా అక్క పెళ్లి భోజనాలు గడిచాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఇటు ఒడిశాలో, మన చుట్టాలు మహేంద్రతనయ నదికి అటు అయిపోయారు. మా నాన్న పుస్తకంలో మాత్రం ఆ గీత ఎక్కడా కనపడదు. పేర్లన్నీ కలిసే ఉన్నాయి.

చిక్కల్లా ఆ పుస్తకం చంకలో పెట్టుకుని గుడికి వచ్చినప్పుడే.

వస్తామా, రామా? నేనైతే వస్తాను. "ప్రభువా, ఇన్నేళ్లు ఒక్క ఆదివారం మానలేదు, నలభై దినాల ఉపవాసం ఉన్నాను, మావాడికి ఉద్యోగం రాలేదేం?" ఇది ప్రార్థనలా ఉంటుంది గానీ నిజానికి పద్దు. నేను ఇంత చదివించాను, నీ వైపునుంచి టిక్కు పడలేదు అని. దీనికి తిరగేసినది ఇంకొకటి ఉంది. చివరి బెంచీలో కూర్చుని, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రమ్మంటే "నాలాంటిదానికి ఎందుకులెండి" అనే అక్కలు ఉంటారు. చాలామంది దాన్ని అణకువ అనుకుంటారు. నాకు అదీ పుస్తకమే అనిపిస్తుంది. తన పేరు పక్కన బాకీ ఎక్కువ ఉందని ఆవిడే లెక్క కట్టేసింది.

ఇందాక పాట పాడిన పిల్లల చేతుల్లో కాగితాలు చూశారా? తెలుగు పాట, ఒడియా అక్షరాలు. మా మనవరాలు కూడా అలాగే రాసుకుంది. తెలుగు మాట్లాడుతుంది, తిడుతుంది, చదవడం మాత్రం రాదు, స్కూల్లో చెప్పలేదు కదా. రిహార్సల్లో నన్ను అడిగింది, "తాతా, కృప అంటే ఏంటి?" అని. నాకు గబుక్కున చెప్పడం రాలేదు. ఇంట్లో మనం ఆ మాట వాడం. జాలి అంటాం, దయ అంటాం, కృప ఆదివారం మాట. గిడుగు రామమూర్తిగారు 1880లో మాస్టారుగా వచ్చి, సవరల భాష నేర్చుకుని, మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన ఊరు మనది. ఆ ఊళ్లో ఉండి కూడా కృపకి వాడుక మాట చెప్పలేకపోయాను. దానికి తెలిసిన ఒడియా బైబిల్ మాట చెప్పాను, "అనుగ్రహ" అని. "ఓ, అదా" అంది. అంది గానీ దానికీ తెలియలేదని మొహం చూస్తే తెలిసింది. ఇవాళ ఈ ప్రసంగం సగం దానికోసమే.

యేసు పుట్టిన బేత్లెహేము రాత్రి చూడండి. మన నాటకంలో గొల్లవాడి భుజం మీద ఎప్పుడూ ఒక గొర్రెపిల్ల ఉంటుంది, దూది అంటించినది. లూకా సువార్తలో వాళ్లు ఏదైనా తెచ్చినట్టు ఒక్క ముక్క లేదు. త్వరగా వెళ్లారు, చూశారు, చెప్పారు, దేవుణ్ని స్తుతిస్తూ తిరిగి వెళ్లారు. బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన జ్ఞానుల సంగతి మత్తయిలో వేరే. వాళ్లు వచ్చింది 'ఇంటిలోనికి', ముగ్గురని కూడా రాయలేదు. మనం అందర్నీ ఒకే పాకలో నిలబెట్టేశాం, స్టేజీ చిన్నది కాబట్టి. మొదటి కబురు అందినవాళ్లు మాత్రం చేతులు ఊపుకుంటూ వెళ్లారు. వాళ్లకిచ్చిన ఆనవాలేమిటి? పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. మనకి తెలిసిన మాటలో కుడితి తొట్టి. రాజభవనమైతే గొల్లవాడు గేటు దగ్గరే ఆగిపోయేవాడు. పశువుల కొట్టంలోకి వెళ్లడానికి వాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

క్రిస్మస్ తాత అని పిల్లలు ఎగురుతున్నారు కదా, ఆయన కథ వెనక ఉన్న మనిషి నికొలాసు. 4వ శతాబ్దంలో మైరా అనే పట్టణానికి బిషప్పు. ఆ చోటు ఇప్పుడు టర్కీలో ఉంది. కట్నం ఇచ్చుకోలేని ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలుంటే, రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట పడేసి వెళ్లిపోయాడని సంప్రదాయంగా చెప్పుకుంటారు. అదే పగలు వచ్చి మైకులో చెప్పించి ఇస్తే? ఆ తండ్రి పుస్తకం తీసి రాసుకోవాలి, జీవితాంతం ఆ పేరు చూసి తల దించుకోవాలి. చీకట్లో వేశాడు కాబట్టి తీర్చడానికి పేరే లేదు.

మరి ఊరికే వచ్చినదానికి విలువ ఉంటుందా మాస్టారూ, ఎలా బతికినా ఒకటేనా అని మన కుర్రాళ్లు అడుగుతారు. పౌలును కూడా అడిగారు. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని రోమీయులకు రాశాడు. క్రేతు ద్వీపంలో ఉన్న తన తోటి సేవకుడు తీతుకి రాసినప్పుడు ఇంకా బాగా విప్పి చెప్పాడు. రెండో అధ్యాయం, పదకొండో వచనం: "సమస్త మనుష్యులకు రక్షణకరమైన దేవుని కృప ప్రత్యక్షమై". క్రిస్మస్ అంటే అదే, కృప కంటికి కనపడడం. అక్కడ ఆగలేదు. భక్తిహీనతను విసర్జించి స్వస్థబుద్ధితో, నీతితో, భక్తితో బతకాలని ఆ కృపే "మనకు బోధించుచున్నది" అన్నాడు. నేను మాస్టార్ని కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయాను. పౌలు వాడిన గ్రీకు క్రియ 'పిల్లవాడు' అనే మాటలోంచి వచ్చింది. పిల్లల్ని పెంచి దిద్దడానికి వాడే మాట. కృప వచ్చి కానుక చేతిలో పెట్టి వెళ్లిపోలేదు. ఇంట్లో దిగి, పలక పట్టించి, వేలు పట్టుకుని దిద్దిస్తోంది. బోధించెను అనలేదు, బోధించుచున్నది అన్నాడు. అంటే క్లాసు ఇంకా అవలేదు.

నా క్లాసు ఎలా నడిచిందో చెప్తాను, నవ్వకండి. పాతపట్నంలో మా తమ్ముడున్నాడు. వాడి కూతురి పెళ్లికి నేను 5,016 చదివించాను. మా అమ్మాయి పెళ్లికి వాడు 501 చదివించాడు. మైకులో ఆ అంకె విన్నప్పుడు సున్నా ఎగిరిపోయిందేమో అనుకున్నాను. ఎగరలేదు. పదకొండేళ్లు, అక్షరాలా పదకొండేళ్లు, ఆ ఇంటి గడప తొక్కలేదు. క్యారల్స్‌కి మనవాళ్లు నది దాటి వాళ్ల వీధికి వెళ్తే నేను వీధి మొగలో పెట్రోమాక్స్ పట్టుకుని నిలబడేవాణ్ని. లోపల నుంచి మరదలు టీ పంపేది. తాగేవాణ్ని, ఆ టీ మాత్రం లెక్కలో రాసుకోలేదు చూడండి.

ఒక ఏడాది పిల్లలకి చెప్పడానికని మత్తయి పద్దెనిమిదో అధ్యాయం తీశాను. పేతురు అక్కడ పుస్తకం తెరుస్తాడు: నా సహోదరుణ్ని ఎన్నిమార్లు క్షమించాలి, ఏడు మార్లా? దానికి ప్రభువు చెప్పిన కథ మీకు తెలుసు. రాజుకి పదివేల తలాంతులు బాకీ ఉన్న దాసుడు, వాడికి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడు. రాజు వాడి బాకీ మొత్తం కొట్టేశాడు, వాడు మాత్రం తోటివాణ్ని వదల్లేదు. లెక్కల మాస్టారు ఊరుకుంటాడా, బోర్డు మీద కట్టాను. దేనారం ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా 2 లక్షల ఏళ్లు. "కొంచెం గడువియ్యండి, అంతా తీర్చేస్తాను" అంటాడు వాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు.

నూరు దేనారాల దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ప్రసంగాల్లో దాన్ని చిల్లర అని కొట్టిపారేస్తుంటారు. నేనొప్పుకోను. 2005లో ఉపాధి హామీ చట్టం చేసినప్పుడు ఒక పల్లెటూరి కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని 100 రోజులు. దాదన్, అంటే కూలి అడ్వాన్సు, పట్టుకుని సూరత్‌కో కేరళకో వెళ్లి, అది తీరక, పండక్కి కూడా రాలేకపోయిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వంద రోజుల కూలి ఎంతో వాళ్లనడగండి. తోటివాడి బాకీ వదిలేయడం నొప్పిగానే ఉంటుంది. నొప్పి లేదని ప్రభువు చెప్పలేదు. 2 లక్షల ఏళ్ల బాకీ కొట్టేసిన కాగితం జేబులో పెట్టుకుని ఆ వంద రోజుల దగ్గరికి నడవమన్నాడు.

ఆ డిసెంబరులో అరిసెల డబ్బా పట్టుకుని తమ్ముడింటికి వెళ్లాను. దారంతా ఏం మాట్లాడాలో బట్టీ పట్టాను. వాడు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. "ఒరే, ఆ చదివింపు సంగతి మనసులో పెట్టుకున్నాను, తీసేశాను" అన్నాను. వాడు తలెత్తి, "ఏ చదివింపు అన్నయ్యా?" అన్నాడు.

వాడికి గుర్తే లేదు. పదకొండేళ్లు నేను మోసిన మూట వాడి ఇంట్లో లేనే లేదు. అప్పుడు నాకు శాంతి రావాలి కదా? రాలేదు, మండిపోయింది. గుర్తు కూడా లేదా వీడికి అని. అరిసెల డబ్బా అక్కడ పెట్టి టీ తాగకుండా వచ్చేశాను. ఇంకో ఏడాది పట్టింది. ఈ మధ్యలో ఎవరి ద్వారానో తెలిసింది, మా అమ్మాయి పెళ్లినాటికి వాడు మరదలి గాజులు కుదువ పెట్టి ఉన్నాడని. ఆ 501 ఎక్కడి నుంచి తెచ్చాడో నేను అడగలేదు. ఇప్పుడు వెళ్తున్నాను, వస్తున్నాను. అయినా ఎక్కడైనా పెళ్లిలో 5,016 అని వినపడితే లోపల చిన్నగా కలుక్కుమంటుంది. చెప్పానుగా, క్లాసు ఇంకా నడుస్తోంది.

ప్రభువుని చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య సంగతి ఒక్క నిమిషం. అన్యాయంగా తీసుకున్నదానికి అతను నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని అందరం చెప్పుకుంటాం. తప్పు ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అయిదో వంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండంలో ఉంది. ధర్మశాస్త్రం అడిగినదానికంటే అతను ఎక్కువే ఇస్తానన్నాడు. వరస చూడండి. ముందు డబ్బు కట్టు, తర్వాత మీ ఇంటికి వస్తానని ప్రభువు అనలేదు. ముందు చెట్టు దిగమన్నాడు, ఇంటికి వెళ్లాడు. డబ్బు మాట ఆ తర్వాత జక్కయ్య నోటినుంచే వచ్చింది. పిల్లల్ని పనికి పంపే సర్దార్లు, వడ్డీకిచ్చే పెద్దలు ఇక్కడ ఉంటే ఇంటికెళ్లి లూకా పంతొమ్మిది ఒకసారి చదువుకోండి. నేను ఎవరి వైపూ చూడటం లేదు.

చివరిగా ఒక మనవి. పెద్దలకి కోపం రావచ్చు. పెళ్లిలో అంకెలు మైకులో చదువుతారు కాబట్టే దానికి చదివింపు అని పేరు. మరి మనం ఏం చేస్తున్నాం? ఫలానావారి కృతజ్ఞత కానుక వెయ్యి, ఫలానావారిది అయిదు వేలు అని ఇదే మైకులో చదువుతున్నాం. అయిదు వేలకి ఆమేన్ గట్టిగా వస్తోంది, యాభైకి అసలు రావడం లేదు. ఆ యాభై వేసినావిడ చివరి బెంచీకి ఎందుకు వెళ్లిందని మళ్లీ మనమే అడుగుతాం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చదివే నోటితోనే ఇదీ చదువుతున్నాం. ఈ ఒక్క క్రిస్మస్‌కి పేర్లు చదవడం మానేద్దామా? కానుకలు తగ్గుతాయని ట్రెజరర్‌గారికి టెన్షన్ ఉంటుంది, తగ్గితే తగ్గనివ్వండి, జనవరిలో కూర్చుని మాట్లాడుకుందాం.

ఈ మాట అనడానికి వచ్చేముందు నా కవరు చూసుకున్నాను. అలవాటు కొద్దీ పేరు, ఇంటిపేరు, రిటైర్డ్ టీచర్ అని కూడా రాసేశాను. బాబూ, ఎవరి దగ్గరైనా పెన్ను ఉందా? ఇలా ఇవ్వండి.