అరికాలి మచ్చకీ ఓవరీలో గడ్డకీ ఏంటండీ సంబంధం

అందరికీ నమస్కారమండి. నేను ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాదు, తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూసే పాథాలజిస్టుని, పేషెంట్లు నా మొహం కూడా చూడరు, బిల్లులో మాత్రం కనపడతాను.

ఒక కేసు చెప్తా. రాజోలు వైపు ఒకావిడ, యాభై దాటాయి, కడుపుబ్బరంగా ఉందని స్కానింగ్ తీయిస్తే ఎడమ ఓవరీలో గడ్డ. ఓవరీ క్యాన్సర్‌కి చూసే రక్తపరీక్ష సీఏ-125 నార్మలే. గడ్డ తీసి పంపారు, కూడా వచ్చిన కాగితం మీద ‘ఓవరీ గడ్డ’ అని రెండే రెండు మాటలు. స్లైడ్ చూస్తే ఓవరీలోనే పుట్టే గ్రాన్యులోసా సెల్ ట్యూమర్‌లా ఉంది, నలుపు చుక్క కూడా లేదు, కానీ కొన్ని కణాల మధ్యలో కుంకుమబొట్టు పెట్టినట్టు ఎర్రగా పెద్ద న్యూక్లియోలస్, అంటే కణం కేంద్రకంలో ఉండే చుక్క, అది నాకు నచ్చలేదు.

వాళ్ళమ్మాయికి ఫోన్ చేశా. అమ్మకి ఎప్పుడైనా పుట్టుమచ్చ కోయించారా అమ్మా అంటే లేదండి అంది, కాసేపాగి "ఆయ్, ఆరేళ్ళ కిందట అరికాల్లో నల్లగా ఆనికాయలా లేస్తే కోసి కట్టు కట్టారండి, ఊడుపుల్లో ముల్లు గుచ్చుకుందనుకున్నాం" అంది. ఆ ముక్క ఏమైందంటే పారేశారట!

ఆ అరికాలి మచ్చే మెలనోమా అండి, చర్మం క్యాన్సర్, అదే ఓవరీకి పాకింది. మన రంగు వాళ్ళకి ఎండ తగిలే చోటకంటే అరికాళ్ళు, అరిచేతులు, గోళ్ళ కిందే ఎక్కువ వస్తుంది. ఓవరీకి పాకాక చాలాసార్లు నలుపే ఉండదు. అందుకే స్పెషల్ రంగులు వేస్తాం. మెలనోమాని పట్టిచ్చే మెలాన్-ఏ అనే రంగు ఒక్కటే నమ్మితే దెబ్బతింటాం, ఓవరీలో సొంతంగా పుట్టే కొన్ని గడ్డలూ దానికి రంగు పడతాయి. ఇక్కడ మెలనోమాకి పడే ఎస్-100, హెచ్‌ఎంబీ-45, సాక్స్-10 మూడూ పడ్డాయి, గ్రాన్యులోసా గడ్డకి పడే ఇన్‌హిబిన్ పడలేదు. చర్మం, వెంట్రుకల్లాంటివి పెరిగే టెరటోమా అనే ఓవరీ గడ్డ ఉంటే అందులోంచి కూడా మెలనోమా పుట్టొచ్చు కాబట్టి అలాంటివేమన్నా ఉన్నాయేమోనని గడ్డంతా మళ్ళీ గాలించా, లేవు.

పేరు మారితే ఏంటంటారా, మందే మారిపోద్దండి. ఓవరీ క్యాన్సర్‌కిచ్చే కీమో దీనికి అంతగా పనిచెయ్యదు, బీరాఫ్, కిట్ జీన్ టెస్టులు చూసి, ఒంట్లో రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ లాంటివి ఇస్తారు.

మచ్చ ఎక్కడ కోయించినా ముక్క ల్యాబుకి పంపమని అడగండి, రిపోర్టు పొలం పాస్‌బుక్కుతో పాటు బీరువాలో పెట్టుకోండి. సరే, ముందు వరస అక్కలూ, చెప్పులు విడిచి అరికాళ్ళు చూపించండి, నవ్వకండి, నేనే కిందకి దిగొస్తున్నా.