పేరున్నవాళ్లకు జబ్బు చేస్తే మనమేం చేస్తున్నాం?

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసల్లో కూర్చున్న అమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలే. క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అక్కడ చూసినవే చెబుతాను.

2013 అక్టోబర్‌లో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ అని తానే చెప్పారు. తొంభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. మూడు నెలలకు, 2014 జనవరి 22న, కన్నుమూశారు. అంతకుముందు మా దగ్గరికొచ్చే కుటుంబాలు ఆ పేరే ఎత్తేవి కావు. "గడ్డ" అనేవాళ్లు, "పెద్ద జబ్బు" అనేవాళ్లు. పేషెంటుకు చెప్పొద్దని కారిడార్‌లో నా చెయ్యి పట్టుకుని బతిమాలేవాళ్లు. ఆయన చెప్పాక ఒక పెద్దాయన బెడ్ మీద లేచి కూర్చుని, "నాగేశ్వరరావుకొచ్చిందే నాకూ వచ్చిందా అమ్మా?" అని నన్నే అడిగాడు. కొడుకు తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దాపరికం లేదు. మందుల సంగతి ఆయనతోనే మాట్లాడాం.

బ్రిటన్‌లో జేడ్ గూడీ అనే టీవీ తార ఉండేది. 2008లో మన హిందీ బిగ్‌బాస్ ఇంట్లో ఉండగానే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తెలిసింది. 2009 మార్చిలో, 27 ఏళ్లకే పోయింది. ఆ ఏడాది కాలంలో ఇంగ్లండ్‌లో ఈ క్యాన్సర్‌ను కనిపెట్టే పరీక్షలు మామూలుకంటే 4 లక్షలకు పైగా ఎక్కువ జరిగాయి. తర్వాత మళ్లీ తగ్గిపోయాయి. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షలకు జనం క్యూ కట్టారు. వాళ్ల నాన్నగారిలాగే ఆయనా కళ్లు దానం చేశారని తెలిసి, ఎందరో నేత్రదానానికి పేరు రాయించుకున్నారు. మంచిదే. కానీ అమ్మా, భయంతో వెళ్లిన మనిషి భయం తగ్గాక వెళ్లడం మానేస్తున్నాడు. జబ్బుకు ఆ లెక్క తెలియదు కదా!

వరుసగా చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. అసలు నేను వచ్చింది ఇది చెప్పడానికే.

2024 నవంబర్‌లో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ గారు, తన భార్యకు నాలుగో స్టేజ్ క్యాన్సర్ తగ్గిందని చెబుతూ నిమ్మరసం, పసుపు, వేపాకు, చక్కెర మానేయడం గురించి చెప్పారు. ఆవిడకు ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఆ ముక్క వీడియోల్లో ఎగిరిపోయింది, వేపాకు మిగిలింది. ముంబైలోని క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ డాక్టర్లు 262 మంది సంతకాలతో, వీటికి ఆధారం లేదు, చికిత్స ఆపొద్దు అని ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనను మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక్కరూ ఫార్వర్డ్ చేయలేదు.

మా వదినకు అప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు కీమో నడుస్తోంది. వాళ్లింటికి వెళ్లి ఫ్రిజ్ తెరిస్తే స్టీలు గిన్నెలో నూరిన వేపాకు ముద్ద, పైన మూత. "ఇదేంటి వదినా?" అంటే, "ఆవిడకు తగ్గింది కదా, నాకెందుకు తగ్గదు? ఆ సూదులు నా వల్ల కావమ్మా" అంది. అప్పటికే రెండు సార్లు వెళ్లాల్సిన తారీఖులు దాటిపోయాయి. వార్డులో అన్నేళ్లు చేసిన నేను ఉన్న కుటుంబం అది! మళ్లీ మొదలుపెట్టించేసరికి గడ్డ చంకలోకి పాకింది. ఇప్పుడు మందు మార్చారు. వారం వారం తీసుకెళుతున్నాం.

అయ్యా, పేరున్నవాళ్లు జబ్బు సంగతి దాచుకోనక్కర్లేదు, చెప్పమనే నేనంటాను. చెప్పేటప్పుడు ఏ డాక్టరు, ఏ ఆపరేషన్, ఎన్ని కీమోలు, అన్నీ చెప్పండి. వినే మనం కూడా "ఏం తిన్నారు?" అని కాదు, "ఎప్పుడు కనిపెట్టారు?" అని అడుగుదాం.

ముప్ఫై దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే చేస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇవాళ మేడ మీద రెండో గదిలో డాక్టరమ్మ సాయంత్రం నాలుగు దాకా ఉంటారు. పరదా కట్టారు, మగవాళ్లెవరూ రారు. ఎడమవైపు వరుస నుంచి లేవండమ్మా, నేనూ మీతో వస్తాను.