చెవిలో మిషన్ ఉంది, అయినా మాట అర్థం కాదు... ఎందుకు?

హాయ్ అండీ, ఈ రోజు ఒక అమ్మ దగ్గర మొదలుపెడదాం. ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుని తలోవైపు మాట్లాడేస్తుంటే, చెవికి మిషన్ పెట్టుకుని కూడా ఆవిడ, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండర్రా అని బతిమాలుతుంది. ఆవిడ కొడుకు పేరు డీలియాంగ్ వాంగ్, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, గోలలోంచి మాటని ఎలా విడదీయాలా అన్నదే ఆయన పని.

సౌండ్ పెంచితే అయిపోతుంది కదా అంటారా? అదే చిక్కు, మాటతో పాటు గోల కూడా పెరుగుద్ది. చెవి బాగున్నవాళ్లకి ఆ విడదీసే పని మెదడు ఊరికే చేసిపెడుతుంది, 1953లోనే కాలిన్ చెర్రీ అనే ఆయన దీనికి కాక్‌టెయిల్ పార్టీ ప్రాబ్లమ్ అని పేరు పెట్టాడు. వినికిడి తగ్గినవాళ్లకి దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

వాంగ్ గారు ఏం చేశారంటే, వినబడే సౌండ్‌ని టైమ్‌ని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి (అంటే సౌండ్ ఎంత కీచుగా, ఎంత బొంగురుగా ఉందో దాన్ని బట్టి) సన్నసన్న గళ్లుగా కోశారు, గళ్ల నోట్‌బుక్ పేజీలాగా అనుకోండి. ఒక్కో గడి దగ్గర ఒక్కటే ప్రశ్న, ఇక్కడ మాట గట్టిగా ఉందా, గోల గట్టిగా ఉందా? మాట అయితే ఉంచు, గోల అయితే తీసేయ్, అంతే. బోలెడు గళ్లు ఖాళీ అయిపోతాయి కదా, మరి మాట తునాతునకలు అయిపోదా అని నాకూ డౌట్ వచ్చింది, కానీ మిగిలిన ముక్కల్ని మెదడు అతికించేసుకుంటుందట! అసలు కష్టం ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం, అది న్యూరల్ నెట్‌వర్క్‌కి, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి, నేర్పించారు. 2013లో అదే యూనివర్సిటీలో వినికిడి మీద పనిచేసే ఎరిక్ హీలీతో కలిసి టెస్ట్ చేస్తే, వినికిడి లోపం ఉన్నవాళ్లు ఈ ప్రోగ్రామ్ సాయంతో, అదే గోలలో ఏ సాయం లేకుండా వింటున్న మంచి చెవుల కుర్రాళ్లతో సమానంగా, కొన్నిచోట్ల ఇంకా బాగా, మాటలు పట్టుకున్నారు. ఇది మామూలు విషయం కాదండోయ్.

మరి వెంటనే షాపులోకి ఎందుకు రాలేదు అంటే, ల్యాబ్‌లో రికార్డింగ్‌ని తీరిగ్గా నమలొచ్చు, చెవిలో మాత్రం సుమారు 10 మిల్లీసెకన్లలోపే తేల్చేయాలి, లేటైతే నేరుగా వచ్చే సౌండూ, మిషన్‌లోంచి వచ్చేదీ ఒకదాని మీద ఒకటి పడి ఎకోలా చిరాకు పెడతాయి, పైగా అంత చిన్న బ్యాటరీ మీద.

ఇంకో మెలిక, పక్కన మాట్లాడేవాళ్లవీ మాటలే కదా, అందులో ఎవరిది కావాలో మిషన్‌కి ఎలా తెలుస్తుంది? 2024లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు, శ్యామ్ గొల్లకోట టీమ్, దీనికి ఒక హెడ్‌ఫోన్ చేశారు. కావాల్సిన మనిషి వైపు తిరిగి, బటన్ నొక్కి, మూడు నుంచి అయిదు సెకన్లు చూడాలి, ఆ తర్వాత మనం తల పక్కకి తిప్పేసినా ఆ గొంతు మాత్రం చెవిలోనే ఉంటుంది.