సెకండ్‌హ్యాండ్ ఫోన్ వాపసు ఇస్తే డబ్బులు వచ్చాయా? నా రిటర్న్ రివ్యూ

ముందు ఈ క్లిప్ చూడండి. కాల్‌లో ఉన్నా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నా. స్క్రీన్ ఆరిపోవాలి కదా? ఆరలేదు. చెంప తగిలి మ్యూట్ పడింది. అవతల మా అమ్మ "ఏరా, పలకవేంటి? హలో... హలో..." అంటోంది. విన్నారా? ఈ 20 సెకన్ల క్లిప్పే నా పదమూడు వేలు వెనక్కి తెచ్చింది.

నమస్తే అండీ. ఇవాళ ఫోన్ రివ్యూ కాదు, ఫోన్ వాపసు ఇచ్చిన కథ. ఒక రిఫర్బిష్డ్ ఫోన్ల సైట్‌లో, అంటే పాతవి బాగుచేసి అమ్మే చోట, 13,499కి కొన్నా, పైన హ్యాండ్లింగ్ ఫీజు 99. సైట్ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. ఒక్క ఫోన్ చూసి సైట్ మొత్తాన్ని తిట్టడం న్యాయం కాదు.

ఈ సైట్లలో గ్రేడ్లు ఉంటాయి. సూపర్బ్, గుడ్, ఫెయిర్ అని. నేను సూపర్బ్ తీసుకున్నా. వచ్చిన ఫోన్ మీద ఒక్క గీత లేదు, కొత్త పెళ్లికొడుకులా ఉంది. తర్వాత అర్థమైంది, నేను చూసిన గ్రేడ్ పై అందానికే. లోపల డిస్‌ప్లే మార్చారా, బ్యాటరీ ఎంత నలిగింది, అది వేరే లెక్క. చెంప దగ్గరికి రాగానే స్క్రీన్ ఆర్పేది పైన ఉండే ప్రాక్సిమిటీ సెన్సర్. స్క్రీన్ మార్చినప్పుడు అది సరిగ్గా కూర్చోకపోతే, మీరు ఇప్పుడు చూసిందే జరుగుతుంది. గీతల్లేని స్క్రీన్ చూసి మురిసిపోయా గానీ, పాత ఫోన్‌కి అంత కొత్త స్క్రీన్ ఎక్కడిదని ఆలోచించలా. ఐఫోన్ అయితే కొంత నయం. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌కి వెళ్తే, కొత్త మోడళ్లలో ఏ పార్ట్ మార్చారో చూపిస్తుంది.

సరే, రిటర్న్‌కి వద్దాం. యాప్‌లో పెద్దక్షరాలతో "7 రోజుల రిటర్న్" అని ఉంది. నొక్కి లోపలికి వెళ్తే చిన్నక్షరాలు: లోపం ఉంటేనే, అది కూడా ముందు రీప్లేస్‌మెంట్, స్టాక్ లేకపోతే రిఫండ్. కారణం ఎంచుకోమంటుంది. అక్కడ "నచ్చలేదు" అని పొరపాటున కూడా నొక్కకండి, కథ అక్కడే కంచికి. నేను "సరిగా పనిచేయడం లేదు" అని పెట్టా. వాళ్ల టెస్టింగ్ యాప్ ఒకటి వేసుకోమన్నారు. వేశా. స్క్రీన్ మీద చెయ్యి అడ్డం పెట్టమంది, పెట్టా. "ప్రాక్సిమిటీ: పాస్" అంది! చెయ్యి పెడితే పాస్, చెంప పెడితే ఫెయిల్. చాట్‌లో అమ్మాయి పాపం మర్యాదగానే చెప్పింది, "సర్, మా సిస్టమ్‌లో డివైస్ ఓకే అని చూపిస్తోంది" అని.

అప్పుడు పంపా ఆ క్లిప్. దాంతోపాటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే ఆయనకి, మెయిల్. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సైట్‌లో ఆ ఆఫీసర్ పేరు, కాంటాక్ట్ ఉండి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని, డబ్బులివ్వనని అనడానికి లేదు. పాత సరుకు కదా అని కంపెనీకి మినహాయింపేం లేదు. మెయిల్‌లో రెండే లైన్లు రాశా. మర్నాడు పికప్ బుక్ అయింది.

పికప్‌కి వచ్చిన తమ్ముడు బాక్స్ చూశాడు, ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, కలిపి చూసుకున్నాడు, "అన్నా, అకౌంట్ తీసేసి రీసెట్ కొట్టండి, లేకపోతే తీసుకోను" అన్నాడు. ఇక్కడ ఆగండి. రీసెట్ కొడితే ఫోన్‌లో ఉన్న మీ సాక్ష్యం కూడా పోతుంది. నా క్లిప్ వేరే ఫోన్‌తో తీసింది కాబట్టి బతికిపోయా. ఆరో రోజు 13,499 పడింది. 99 పడలేదు. పోనీలే అనుకున్నా.

రెండో కేసు చిన్నది. మియాపూర్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర క్లాసిఫైడ్స్‌లో చూసి వాషింగ్ మెషీన్ కొన్నా. "నల్లా రావట్లేదు అన్నా, మొన్నటిదాకా మేమే వాడినం" అన్నాడు. నమ్మి టాటా ఏస్‌లో వేసుకొచ్చా, బాడుగ 900. ఇంటికొచ్చి చూస్తే స్పిన్ తిరగదు. ఫోన్ చేస్తే "చూసుకునే కదా తీసుకపోయినవ్" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సొంత సామాను ఎప్పుడో ఒకటి అమ్ముకునే మనిషికి ఇందాక చెప్పిన నిబంధనలు వర్తించవు, అది వ్యాపారం కాదు కాబట్టి. ఇలాంటిచోట రిటర్న్ పాలసీ అంటే ఎదుటివాడి మంచితనమే. ఈయన మంచోడే, మెకానిక్ ఖర్చులో సగం, 700, ఫోన్‌పే చేశాడు. నల్లా లేకపోతే బకెట్‌తో నీళ్లు పోసైనా తిప్పి చూడాల్సింది. బద్ధకం నాదే.

మనుషుల దగ్గర ఫోన్ కొంటుంటే మాత్రం స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ నొక్కి, వచ్చిన ఐఎంఈఐని 14422కి మెసేజ్ చేయండి. ముందు ఇంగ్లిష్‌లో KYM అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు. బ్లాక్ చేసిన నంబరైతే, అంటే పోయిందని ఫిర్యాదు పడిన ఫోనైతే, అక్కడే తెలిసిపోతుంది. "రిఫండ్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవడన్నా అంటే వెంటనే కాల్ కట్ చేయండి. డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. ఆల్రెడీ కొట్టేశారా? ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, కాల్ చేయండి. కంపెనీ సతాయిస్తుంటే 1915, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

మార్కులా? సైట్ రిటర్న్‌కి 5కి 3. ఆ టెస్టింగ్ యాప్‌కి సున్నా. మియాపూర్ అన్నకి 4.

మళ్లీ అదే సైట్‌లో ఇంకో ఫోన్ కొన్నా, నవ్వకండి. ఈసారి ఫెయిర్ గ్రేడ్, రెండు వేలు తక్కువ, వెనకంతా గీతలే. ఓపెన్ బాక్స్ డెలివరీ పెట్టుకున్నా, అంటే తెరిచి చూసుకున్నాకే ఓటీపీ చెప్పి తీసుకోవడం. ఓటీపీ చెప్పకముందే గుమ్మంలో నిలబడి సిమ్ వేసి, అమ్మకి కాల్ చేసి, చెంపకి ఆనించి, రెండు నిమిషాలు మాట్లాడా. డెలివరీ తమ్ముడు గోడకి ఆనుకుని చూస్తున్నాడు. "ఏం కూర చేశావమ్మా" అని అడిగా. గుత్తొంకాయంట. కాల్ మ్యూట్ పడలేదు. ఓటీపీ చెప్పేశా.