వంద శాతం చార్జింగ్

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలి. కానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలే, మన్నించండి.

పిల్లల చదువుకు సాయపడే టెక్నాలజీ గురించి చెప్పమన్నారు. కాగితం మీద వరుసగా రాసుకొచ్చాను. చూపు లేని పిల్లలకు స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. విండోస్ కంప్యూటర్‌కైతే ఎన్‌విడిఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. డిస్‌లెక్సియా, అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న పిల్లలకు పాఠం చదువుతూ, ఏ పదం దగ్గరున్నామో రంగులో చూపించే యాప్‌లు వచ్చాయి. చేత్తో రాయలేని పిల్లలు నోటితో చెబితే టైపు చేసి పెట్టేవీ ఉన్నాయి. వీటి గురించి తర్వాత చెబుతాను. ముందు ఒక టాబ్ సంగతి చెప్పాలి.

మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్లు. వాడికి ఆటిజం, నోటితో మాటలు రావు. వాడి టాబ్ నిండా బొమ్మల బటన్లుంటాయి. ఏది నొక్కితే ఆ మాట బయటికి వినిపిస్తుంది. నోటి మాటకు తోడుగానో బదులుగానో వాడే ఇలాంటి వాటిని ఏఏసీ అంటారు. మా ఇంట్లో 'మాటల టాబ్' అంటాం. రాత్రి చార్జింగ్ పెట్టి, పొద్దున వంద శాతం చూసుకుని బ్యాగులో పెట్టి స్కూలుకు పంపేదాన్ని. ఒక సాయంత్రం తీసి చూస్తే తొంభై తొమ్మిది. మర్నాడూ అంతే. వారమంతా అంతే.

దాన్ని ఎవరూ తెరవడం లేదని నాకు తెలియడానికి ఆ వారం పట్టింది. స్కూలుకు వెళ్లి టీచర్లను అడిగాను. "పగిలిపోతుందేమోనని బీరువాలో పెడుతున్నామమ్మా. అయినా దానికి అలవాటు పడితే ఇంక నోరు తెరవడు కదా" అన్నారు. వాడి మంచి కోరే అన్నారు, అది నాకు తెలుసు. కానీ ఆ వారం రోజులూ నా బిడ్డ గొంతు బీరువాలో ఉంది. దాహం వేసినా, కడుపు నొప్పి వచ్చినా, పక్కవాడు గిల్లినా చెప్పుకునే దారి లేదు. ఆ వారమే వాడు చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టాడు. డైరీలో 'ప్రవర్తన బాగా లేదు' అని రాసి పంపారు.

ఇక్కడున్న టీచర్లను, తాతయ్యలను, అమ్మమ్మలను, అందరినీ అడుగుతున్నాను. టాబ్ ఇస్తే మాటలు రావనే భయం మీలో ఎంతమందికి ఉంది? నాకూ ఉండేది. 2006లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షలో, ఏఏసీ వాడినవాళ్లలో గట్టి ఆధారాలున్న 27 మందిని తీసుకుని చూశారు. ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. అందరూ గలగలా మాట్లాడేస్తారని నేను చెప్పడం లేదు. పోయేదేమీ లేదని చెబుతున్నాను.

పిల్లల చేతిలోంచి ఇలా లాక్కోవడం కొత్తేమీ కాదు. లూయీ బ్రెయిల్ పదిహేనేళ్ల వయసులో, 1824లో, చూపు లేనివాళ్లు వేలితో తడిమి చదివే ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. 1840ల్లో ఆయన చదివిన పారిస్ అంధుల పాఠశాలలోనే దాన్ని నిషేధించారు. ఉబ్బెత్తుగా అచ్చువేసిన మామూలు అక్షరాలే తడుముతూ చదవాలన్నారు. పిల్లలు ఊరుకోలేదు, చాటుగా చుక్కలు పొడుచుకుని చదువుకున్నారు. ఆ స్కూలు దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. అప్పటికి బ్రెయిల్ చనిపోయి రెండేళ్లు.

నా కాగితంలో ఇంకా చాలా ఉంది గానీ, మాటల టాబ్ గురించే ఇంకొంచెం చెబుతాను. ఇది చెప్పేవాళ్లు తక్కువ. టాబ్ చేతికిచ్చేసి మనం చూస్తూ కూర్చుంటే పని జరగదు. మనం నోటితో మాట్లాడుతూనే ఆ బటన్లూ నొక్కాలి. నేను 'రా' అంటూ 'రా' నొక్కుతాను, 'అయిపోయింది' అంటూ 'అయిపోయింది' నొక్కుతాను. వాడు తనంతట తాను ఒక మాట నొక్కడానికి మాకు నెలలు పట్టింది. బటన్లను అందంగా సర్దుదామని చోటు మార్చకండి. వాడి వేలికి ఆ చోటు గుర్తు. వస్తువుల పేర్లతోనే పేజీలు నింపకండి. 'ఇంకా', 'ఆపు', 'నేను', 'నొప్పి' ఉండాలి. అన్నిటికంటే ముందు 'వద్దు' ఉండాలి. మాకు మొదట ఇచ్చిన పేజీలో 'వద్దు' లేనే లేదు! అది పెట్టిన రోజు వాడు పద్దెనిమిది సార్లు నొక్కాడు. స్నానం వద్దు, చొక్కా వద్దు, అమ్మ వద్దు. నేను పక్క గదిలోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతో. ఏడేళ్లుగా వాడు ఏడ్చి చెబుతున్నది ఆ రోజు మాటతో చెప్పాడు.

టాబ్ కొనలేని వాళ్లు ఆగిపోవద్దు. అవే బొమ్మలు ఒక అట్ట మీద అతికించి, వేలితో చూపిస్తే చాలు. దానికి చార్జింగ్ అక్కర్లేదు. ముప్పై అట్టలు చేసి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. టీచర్లు ముందు తీసుకోండి.

మా అబ్బాయి కూడా వచ్చాడు, మూడో వరుసలో చివర కూర్చున్నాడు. టాబ్ వాడి ఒళ్లోనే ఉంది. వెళ్లేటప్పుడు వాణ్ని పలకరించండి. పేరు అడిగాక కాసేపు ఆగండి, నన్ను చూడకండి. బటన్ వెతుక్కోవడానికి వాడికి పది సెకన్లు పడుతుంది.