పేలికలకు రెండు గోతాలు

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం గార్మెంట్స్ ఫ్యాక్టరీలు వదిలే వేళ బెంగళూరు బొమ్మనహళ్ళి బస్టాపులో నిలబడితే కన్నడంతో పాటు కుప్పం, హిందూపురం తెలుగు కూడా చెవిన పడుతుంది. మా పక్కింటి కుప్పం అక్క అక్కడే కట్టింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. కత్తిరించగా మిగిలిన గుడ్డ ఏమవుతుందక్కా అని అడిగాను.

"ఏమయ్యేదుంది? గోతంలో తొక్కేస్తాం. గుజరీ ఆయన తీసుకుపోతాడు" అంది. గుజరీ ఆయనంటే పాత సామాను కొనేవాడు.

చొక్కాలకని 100 మీటర్ల గుడ్డ పరిస్తే, మెడ ఒంపులకీ చంక ఒంపులకీ మధ్య సుమారు 10 నుంచి 20 మీటర్లు పేలికలైపోతుంది. చీర, పంచె నేసేవాళ్ళకి ఈ బెడద లేదు. మగ్గం దిగిందే బట్ట!

మళ్ళీ దారం తీయొచ్చుగా అంటారేమో. తీస్తున్నారు. పానిపట్‌లో పాత ఉన్ని బట్టలు చీల్చి కంబళ్ళు చేస్తారు. పత్తితోనే చిక్కు. పత్తి పీచు పొడవే అంగుళం పైచిలుకు. ముళ్ళ రోలర్లలో పేలికను చీల్చేటప్పటికి అది తెగి ఇంకా పొట్టిదవుతుంది. పొట్టి పీచుకు పురి నిలవదు. లావు దారంతో సరిపెట్టుకోవాలి, లేదా కొత్త పత్తి కలపాలి.

నాకు నచ్చిన డిజైనర్లు ఇక్కడే దారి మార్చారు. పొట్టి పీచును దారం కమ్మని బతిమాలడం మానేశారు. కాగితానికి పొట్టి పీచైతే హాయి. జైపూర్ దగ్గర సాంగనేర్‌లోనూ, పుదుచ్చేరిలోనూ పత్తి పేలికల్ని గుజ్జు చేసి చేతికాగితం తీస్తారు. అంతెందుకు, మన జేబులో నోటు కాగితం 100 శాతం పత్తేనని రిజర్వ్ బ్యాంకే చెబుతోంది. ప్యారిస్‌లో క్లారిస్ మెర్లే అనే ఆర్కిటెక్ట్ పాత బట్టల తురుముతో ఇటుకలు పోస్తున్నారు. గోడ మోయడానికి కాదు, అలంకారానికీ శబ్దం ఆపడానికీ. ఇంకో పద్ధతిలో, సుమారు 110 డిగ్రీలకే కరిగే పీచు కాస్త కలిపి వేడిగా నొక్కితే గట్టి అట్ట వస్తుంది. నేనిప్పుడు మాట్లాడుతున్న ఈ గదిలో గొంతు గింగురుమనకుండా చూస్తున్నవీ గోడల మీది మెత్తటి పలకలే లెండి.

అయితే ఏ గోతంలో ఏముందో తెలియాలి. పత్తి, పాలిస్టర్, సాగే ఎలాస్టిక్ పోగు కలిసిపోతే కాగితమూ సరిగా రాదు, దారమూ సరిగా రాదు. మొన్న ఆదివారం అక్క రెండు పోగులు తెచ్చి మా వంటింట్లో అగ్గిపుల్ల గీసింది. ఒకటి కాగితం కాలిన వాసనతో బూడిదై రాలింది. రెండోది కరిగి నల్లటి పూసలా ముడుచుకుంది. "ఇదా సంగతి!" అంది.

ఇప్పుడు ఆమె టేబుల్ కింద రెండు గోతాలున్నాయట. ఒకదాని మీద చాక్‌పీసుతో కాటన్ అని రాసింది. రెండోదాని మీద ఏం రాయాలో ఇంకా తేలలేదు.